నూగు వాలిన వైపు

శుక్రవారం, పొద్దున పది

చి. ల. సౌ. నా ఇల్లాలికి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. నువ్వు శిక్షణకి వెళ్ళాక ఈ ఇంట్లో అందరం అంటే మీ నాన్నగారూ నేనూ, ఇద్దరమే. ఇద్దరికి ఆ మాట మరీ వదులు. అందుకని విడివిడిగా రాస్తున్నాను. నేను క్షేమం. మామయ్యగారు ఇవాళ పొద్దున క్షేమం. నువ్వు కూడా ఒంట్లో బాగుండి, నీ ఎక్స్‌రే చదువు సాఫీగా సాగుతోందని తలుస్తున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఐదు ప్రశ్నలడిగావు. ఫోనులో అడిగితే నా నోటి నుంచి "ఆ", "ఊ", "పర్లేదు" అనే మూడు మాటలే వస్తాయని, కాగితం మీదైతే తప్పించుకోలేనని రాశావు. నిజమే. ఐదింటికీ జవాబు రాస్తాను, కానీ నువ్వడిగిన వరసలో కాదు. "ఆదివారం నాన్న గొంతు ఒకేచోటు నుంచి వచ్చింది. ఎప్పుడూ నాతో మాట్లాడుతూ గదంతా తిరుగుతారు కదా, ఎందుకు తిరగలేదు?" అన్న నాలుగో ప్రశ్నని చివరికి ఉంచాను. అది ముందు రాస్తే మిగతావి నువ్వు చదవవు, మిగతావి చదవకపోతే అది నీకు అర్థం కాదు. ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చూసే మనిషివి. ఈ ఒక్కసారికి మొదటి నుంచి చదువు.

ఇంకో మాట కూడా రాశావు. నాన్నకి ఏ ఇబ్బంది ఉన్నా ఒక్క ముక్క చెబితే చాలు, మిగిలిన రెండు నెలలూ వదిలేసి బండెక్కుతాను అని. ఆ మాట చదివిన దగ్గర్నుంచి ఈ ఉత్తరం రాయడం మరీ కష్టమైంది. సరే, వరసగా వస్తాను.

ఏమేం తడిశాయి అన్నది నీ మొదటి ప్రశ్న. అన్నీ తడిశాయి. మూడు వారాల కిందట మంగళవారం మధ్యాహ్నం స్నానాలగదిలో బట్టల మిషనుకి నీళ్ళొచ్చే గొట్టం ఊడింది. అప్పుడు నేను షాపులో ఉన్నాను. నీళ్ళు నడవలోకి వచ్చి, జంబుఖానాని ముంచి, ముందుగదిలో పెద్ద తివాచీ కిందికి దూరి, ఆ చివర మూడు మెట్ల మీదుగా వంటగదిలోకి దిగాయి. గుమ్మం దగ్గర పీచుపట్టా కూడా తేలింది. మామయ్యగారు ముందుగదిలో కుర్చీలో ఉన్నారు.

"ముందు వాసన వచ్చింది అల్లుడూ. వాన మొదలయ్యే ముందు గోడల నుంచి వస్తుందే, అది. ఇదేంటి కిటికీ మూసుంది కదా అని కాలు కింద పెట్టాను. చిత్తడి."

ఆయన కేకలకి పైవాటా టీచరమ్మ వచ్చి కుళాయి కట్టేశారు. నేను ఇల్లు చేరేసరికి మామయ్యగారు కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కుని కూర్చుని ఉన్నారు.

"పడవెక్కారా మామయ్యా?" అన్నాను.

"ఎక్కడం సులువేనయ్యా, రేవు ఎటుందో తెలీక కూర్చున్నాను" అన్నారు.

టీచరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని చీపురుతో నీళ్ళు నెడుతూ, "ఊరందరి ఇళ్ళ మీదా వాన బయట కురుస్తుంది బాబూ, మీకు మాత్రం లోపల కురిసింది" అన్నారు. ఆవిడ సాయం చేసే తీరు నీకు తెలుసుగా. చేసే పని ఎంతో, అనే మాట అంత.

తివాచీని మేడ మీద పిట్టగోడకి వేలాడదీద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని ముందు తివాచీలు ఉతికే ఆవిడకి కబురు పెట్టాను. బస్సుల షెడ్డు వెనక పెద్ద పెరడు, అందులో వెదురు దండేల మీద తివాచీలు కనిపిస్తుంటాయే, ఆ ఆవిడే. వచ్చీ రాగానే మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి బిగించి తివాచీని నొక్కింది. నీళ్ళు పైకి ఉబికి వేళ్ళ సందుల్లోకి వచ్చాయి.

"వేళ్ళ దాకానే వచ్చింది. మణికట్టు మునిగితే కష్టం. ఇది బతుకుతుంది" అంది.

పిట్టగోడ మాట చెప్పాను.

"ఉరి తీస్తావా అన్నయ్యా దాన్ని? నీళ్ళు తాగిన ఉన్నిని వేలాడదీస్తే ఆ బరువుకి దాని నడుం విరుగుతుంది. పడుకోబెట్టాలి. జ్వరమొచ్చిన మనిషిని దండేనికి ఆరేస్తామా?"

ఆ సాయంత్రం తన మిషనుతో ముందు పైనుంచి, తర్వాత తిరగేసి వెనకనుంచి నీళ్ళు పీల్చింది. తివాచీ కింద పరిచిన మెత్తటి పొరని మాత్రం చూడకుండానే బయట పడేయమంది. అది నీళ్ళు పీల్చుకుంటుందిగానీ వదలదట. మంచం చెక్కలు, బల్లలు కలిపి నడుమెత్తు అరుగులా అమర్చి దాని మీద తివాచీని పరిచాం. కింద ఒక ఫ్యాను, పైన ఒక ఫ్యాను. కింద గాలి తిరగకపోతే పైకి ఎంత ఆరినా లాభం లేదంది.

రెండో ప్రశ్న, జంబుఖానా రంగు. ఇక్కడ నేనొక కొత్త సంగతి నేర్చుకున్నాను. తెల్లగుడ్డని తడిపి ఒక్కో రంగు మీద పెట్టి వంద లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి. ఏ రంగు దిగితే ఆ రంగుతో జాగ్రత్తగా ఉండాలి. తివాచీలో నీలం, నలుపు, ఇటుకరంగు, ఏదీ దిగలేదు. జంబుఖానా ఎరుపు మాత్రం గుడ్డని గులాబీ చేసింది. "ఇది ఏడుపుగొట్టు రంగు, దీన్ని వేడినీళ్ళ దగ్గరికి పోనివ్వకు" అని, చల్లటి నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తడపమంది తివాచీల ఆవిడ. అప్పటికే నడవ మలుపు దగ్గర జానెడు మేర తెల్లచారలు గులాబీ అయ్యాయి. అవి ఇక తెల్లబడవు. నీకు చెప్పకుండా ఆ చివరని తలుపు వెనక్కి మళ్ళిద్దామని ఒక ఆలోచన వచ్చింది. మళ్ళించలేదు.

మూడో ప్రశ్న, వాసన. పోయింది. మొదటి నాలుగు రోజులు తడిసిన ఉన్ని ఎలా కంపు కొట్టిందంటే, టీచరమ్మ మెట్ల మీదే ముక్కు మూసుకుని "గొర్రెల మందలో కాపురం పెట్టారేంటి!" అని అరిచారు. ముసురు పట్టి ఆరడం ఆలస్యమైంది. "పైకి ఆరినట్టు నటిస్తుంది. ముడుల లోపల దాచుకుంటుంది. పూర్తిగా ఆరకుండా నేల మీద పరిచావో, నెల తిరక్కుండా బూజు" అని తివాచీల ఆవిడ హెచ్చరించింది.

పూర్తిగా ఆరిందని తెలిసేదెలా అని అడిగాను. చెయ్యి పెడితే తెలుస్తుంది అంది. తన చేతికి తెలుస్తుంది, సరే. ఇరవై ఏళ్ళుగా కాటాలు బాగుచేసుకు బతికే నా చేతికి తెలిసేది ఒక్కటే విద్య. షాపు నుంచి పెద్ద కాటా తెచ్చి ముందుగదిలో పెట్టాను. రోజూ పొద్దున టీచరమ్మ ఒక చివర, నేనొక చివర తివాచీని చుట్టి కాటా మీదికి ఎక్కించేవాళ్ళం. నా రోజు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మంగళవారం అరవైమూడు కిలోలు. నీళ్ళు పీల్చాక నలభై ఏడు. బుధవారం నలభై ఒకటి. తర్వాత ముప్ఫై ఏడున్నర, ముప్ఫై ఐదున్నర, అలా దిగుతూ దిగుతూ ముప్ఫైమూడు కిలోల ఆరువందల గ్రాముల దగ్గర ఆగింది. వరసగా మూడు రోజులు అక్కడే ఆగింది. ఇంక దాని దగ్గర మనకివ్వాల్సిన నీళ్ళు లేవన్నమాట.

ఇంత సంబరంగా రాస్తున్నానేమిటా అనుకుంటున్నావేమో. నిజంగానే సంబరంగా ఉండింది. తొమ్మిదేళ్ళుగా తొక్కుతున్న వస్తువు, దాని కడుపులో ముప్ఫై కిలోల నీళ్ళు పడతాయని ఎవరికి తెలుసు? మామయ్యగారికి కూడా అదొక ఆటైంది. పొద్దున్నే తివాచీ మీద అరచెయ్యి పెట్టి "ఇవాళ ముప్ఫై ఎనిమిది" అనేవారు. నేను తూచి "ముప్ఫై ఏడున్నర" అనేవాణ్ణి. "అర కిలో నీ కాటా తింది" అనేవారు. దర్జీపనిలో అరిగిన చెయ్యి కదా, రెండోరోజు నుంచీ కిలో కంటే ఎక్కువ ఎన్నడూ తప్పలేదు.

కానీ ఆ రోజుల్లో ఆయన నడవలేదు. ఇది నేను సరిగ్గా పట్టించుకోలేదు. నేల మీద పరిచినవన్నీ తీసేశాం కదా, ఆయన కుర్చీలోంచి లేచి ఒక అడుగు వేసి ఆగిపోయేవారు.

"నేలంతా ఒకటే అయిపోయింది అల్లుడూ. ఎటు చూసినా ఒక్కలాగే ఉంది" అన్నారు ఒకసారి.

చూపు లేని మనిషి, తడినేల జారుతుందని భయమేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుని గదికీ స్నానానికీ తీసుకెళ్ళేవాణ్ణి. అది ఆయనకి గిట్టేది కాదు. "ఊడిపోయే గుండీని పట్టుకున్నట్టు పట్టుకుంటావేంటయ్యా, ఊడిపోనులే" అని విసుక్కునేవారు. తివాచీ మళ్ళీ పరిస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఎందుకు సర్దుకుంటుందో మాత్రం ఆలోచించలేదు.

తివాచీ తిరగేసి ఉన్నప్పుడు వెనకవైపు ఒక మూలన వేలెడంత ఎర్రదారం కనిపించింది. మూడు కుట్లు వేసి ముడేసి ఉంది. ఎప్పుడో ఏదో అతుకు వేసి వదిలేసిన దారమనుకున్నాను. వేలాడుతూ చూడ్డానికి బాగాలేదు. కత్తెర తీసుకుని శుభ్రంగా కత్తిరించాను. నా పుస్తకంలో ఆ రోజు కింద ఇలా ఉంది: "మూలన ఎర్రదారం. పనికిరాదు. తీసేశాను." ఈ వాక్యం చదవగానే నీ మొహం ఎలా మారుతుందో నాకిక్కడికి కనిపిస్తోంది. ఇంకాస్త చదువు.

పన్నెండు రోజులకి, ఆదివారం పొద్దున, తివాచీ పరిచాం. గుమ్మంలో నిలబడి చూస్తే మునుపటికంటే రంగు ముదురుగా కనిపించింది. "కడిగితే అసలు రంగు బయటపడింది బాబూ, కొత్తదానిలా ఉంది" అన్నారు టీచరమ్మ. నేను గర్వపడ్డాను. మామయ్యగారు కుర్చీలో కూర్చుని పాదాలతో దాన్ని రాస్తూ, ఊరెళ్ళి వచ్చిన మనిషిని పలకరించినట్టు "వచ్చావా" అన్నారు.

నాలుగింటికి నువ్వు ఫోను చేశావు. ఆయన లేచి మాట్లాడుతూ తిరగడం మొదలుపెట్టారు. పన్నెండు రోజుల తర్వాత ఆ గొంతు గదిలో అటూ ఇటూ తిరగడం విని, హమ్మయ్య అనుకుని, నేను స్నానాలగదిలో కొత్త గొట్టం బిగించుకుంటున్నాను. "సరే తల్లీ, వేళకి తిను" అని ఫోను పెట్టేయడం వినిపించింది. తర్వాత ఒక చప్పుడు. అది ఆయన గది ఉన్న నడవ వైపు నుంచి కాదు, వంటగది మెట్ల వైపు నుంచి వచ్చింది.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి మూడో మెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. నొప్పి అనలేదు, పడ్డాను అనలేదు. మొహం పైకెత్తి, "అల్లుడూ, ఇక్కడ మెట్లెందుకున్నాయి?" అన్నారు.

ఇదీ నీ నాలుగో ప్రశ్నకి జవాబు. మీ నాన్న పడ్డారు. నీతో మాట్లాడి ఫోను పెట్టేసిన నిమిషంలోనే పడ్డారు. ఎడం మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. నాలుగు వారాలు కట్టు. మోకాలు కమిలింది, తగ్గిపోయింది. తల ఎక్కడా తగల్లేదు. ఫిల్ము అడిగి తెచ్చి నీ పుస్తకాల బీరువాలో పెట్టాను. వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూశాను. చిట్లిన గీత తలవెంట్రుకలో సగం ఉంది. అంత సన్నటి గీత అంత మనిషిని మంచానికి కట్టేస్తుందా అని ఎంతసేపు చూశానో. ఎముకల డాక్టరు "ఈ వయసుకి గట్టి ఎముకే" అన్నాడు. నువ్వు చూస్తే ఇంకేమైనా చెబుతావేమో.

మంచానికి కట్టేసింది ఆ గీత కాదని నాకు తెలియడానికి కొన్నిరోజులు పట్టింది. చేతికి కట్టు ఉంటే కాళ్ళకేమైంది? ఆయన గదిలోంచి బయటికి రానన్నారు. భోజనం మంచం మీదికే. ఉన్నట్టుండి "ఇవాళ గురువారం, అవునా?" అనేవారు. అవునంటే, "నిన్న బుధవారం, మొన్న మంగళవారం" అని వెనక్కి చెప్పుకుంటూ పోయేవారు. ఒకరోజు, "ముప్ఫై ఎనిమిది ఛాతీకి చొక్కాగుడ్డ ఎంత కావాలో చెబుతాను, తప్పైతే చెప్పు" అన్నారు. తప్పో ఒప్పో నాకేం తెలుసు? పరీక్షలో పిల్లాడిలా ఆయన నా జవాబు కోసం ఎదురుచూశారు.

"ఏంటి మామయ్యా ఇదంతా?" అన్నాను.

"బుర్ర పోతోంది అల్లుడూ. కళ్ళు పోతే పోయాయి, సర్దుకున్నాను. ఇదీ పోతే సర్దుకోవడానికి ఏముంటుంది?"

మొన్న ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు మంచం మీదే కూర్చుని మాట్లాడింది అందుకే. నీకు చెప్పొద్దని నేనే అడిగాను. "ఆ అమ్మాయి చదువు మధ్యలో ఉంది మామయ్యా" అన్నాను. ఆయన, "ఈవారానికి సరే. వచ్చే ఆదివారం అడిగితే నేను అబద్ధం చెప్పను. ఉత్తరం దారిలో ఉందని చెబుతాను. ఆ మాట అబద్ధం కాకుండా చూసుకో" అన్నారు. ఇవాళ శుక్రవారం. అందుకే ఇవాళ రాస్తున్నాను.

బుధవారం నీ ఉత్తరం చదివాక నాలుగో ప్రశ్న దగ్గర నాకొక సంగతి తోచింది. నాన్న ఎందుకు నడవడం లేదు అని నువ్వడిగావు. ఆయన అటే ఎందుకు నడిచారు అని నేను ఒక్కసారైనా అడగలేదు. వెళ్ళి మంచం పక్కన కూర్చుని అడిగాను.

"నునుపుగా తగిలింది" అన్నారు. "నునుపైతే నా గది. గరుకైతే మెట్లు. నునుపు వైపే వెళ్ళాను. వెళ్ళింది మెట్ల మీదికి. అంటే కాలైనా అబద్ధం చెప్పి ఉండాలి, బుర్రైనా."

"నునుపేంటి మామయ్యా?"

"నీకు తెలీదా?" అని నా వైపు తిరిగారు. తర్వాత, "పోనీలే, తెలీకపోతే తెలీదు" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

నేను ముందుగదిలోకి వెళ్ళి చెప్పులు విడిచి తివాచీ మీద నడిచాను. ఏమీ తెలియలేదు. నేల మీద కూర్చుని అరచేత్తో నిమిరాను. ఒకవైపు నిమిరితే పిల్లి వీపులా అణిగింది, రంగు తేలిక పడింది. ఎదురు నిమిరితే లేచి నిలబడింది, రంగు ముదిరింది. తొమ్మిదేళ్ళలో నేను దాన్ని చేత్తో నిమరడం అదే మొదలు. ఈ నీళ్ళ గొడవలో తూచడానికి ముట్టుకున్నానంతే.

నిన్న పొద్దున షాపు తెరవకుండా తివాచీల ఆవిడ పెరటికి వెళ్ళాను. చెప్పింది సగం వినేసరికే ఆవిడకి నవ్వాగలేదు.

"నూగు తిరగేసి పరిచావా అన్నయ్యా! ఉన్ని తివాచీకి నూగు ఒకేవైపు వాలి ఉంటుంది. పొలంలో గాలికి పైరు వాలినట్టు. బొమ్మ ఈ చివరా ఆ చివరా ఒకటే కాబట్టి నీకు తేడా తెలీలేదు. రంగు ముదిరిందనుకుని మురిసిపోయావు కదూ? ఎదురునూగు చూశావు, అంతే."

"మరి ఎవరికైనా ఎలా తెలుస్తుంది?"

"వెనక మూలన ఎర్రదారం ఉందిగా? నేను ఆ రోజే చూశాను. తెలిసినవాళ్ళెవరో గుర్తు పెట్టుకున్నారు, ఇంక నేను చెప్పాల్సిన పని లేదనుకున్నాను."

"దాన్ని కత్తిరించాను."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "గ్రాములతో సహా రాసుకున్నావుగా. అది ఏ వైపు తిరిగి ఉండేదో రాసుకోలేదా?" అంది. రాసుకోలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నట్టు, ఊళ్ళో తూకాలన్నీ సరిచేసేవాణ్ణి ఇంట్లో తివాచీని తలకిందులు చేశాను.

ఇంటికొచ్చి మామయ్యగారికి అంతా చెప్పాను. దారం కత్తిరించిన సంగతితో సహా.

"అయితే బుర్ర ఉందంటావు?"

"మీది ఉంది మామయ్యా. పోయింది నాది."

"పదకొండు రోజులయ్యా!" అని మంచం మీద కుడిచేత్తో ఒక్కటి కొట్టారు. "పదకొండు రోజులు వారాలు వల్లించాను! ఎక్కాలు వల్లించాను! నా పెళ్ళిలో వంటవాడి పేరు గుర్తు రాలేదని నిన్నంతా ఏడ్చాను! వాడి పేరు నాకు అప్పుడు కూడా తెలీదయ్యా!"

తిట్టారు. తిట్టించుకున్నాను. ఆ తర్వాత ఆయనే చెప్పారు. చూపు పోయిన ఏడాది నువ్వు ఆయన కుట్టుషాపులోంచి ఈ తివాచీ తెప్పించి, రెండు రోజులు వట్టికాళ్ళతో దాని మీద నడిపించావట. నడవలో అడ్డచారల జంబుఖానా, గుమ్మంలో పీచుపట్టా, అన్నీ ఆలోచించి పరిచావట. నేనేమో నీకు తివాచీల పిచ్చి అనుకున్నాను. దుమ్ము అని సణిగాను కూడా. ఎందుకు నాకు చెప్పలేదు అని అడిగాను.

"నువ్వడగలేదు. మాకేమో నీకు తెలుసేమో అనిపించింది" అన్నారు మామయ్యగారు.

ఇక ఐదో ప్రశ్న. "నువ్వేమైనా దాస్తున్నావా?" అని అడిగావు. పడిన సంగతి దాచాను, రాశాను. ఇంకొకటి ఉంది. గొట్టం దానంతట అది ఊడలేదు. వెళ్ళేముందు నువ్వు ప్లంబరుని పిలిపించమన్నావు. పిలిపించానని ఫోనులో చెప్పాను. పిలిపించలేదు. ఇంత చిన్నపనికి ఇంకొకడెందుకని కాటా తీగతో నేనే చుట్టి బిగించాను. ఎవరూ నేర్పకుండా అన్నీ నేర్చుకున్నవాడికి, రానిది ఉందని ఒప్పుకోవడం చాతకాదు. తీగ తెగింది. మొదటి తడి అక్కడిది, చివరి దెబ్బ కూడా అక్కడిదే.

నిన్న మధ్యాహ్నం టీచరమ్మా నేనూ తివాచీని తిప్పి పరిచాం. కొత్త ఎర్రదారం మామయ్యగారే కుట్టారు, నేను మూల ఎత్తి పట్టుకుంటే ఒంటిచేత్తో. తర్వాత నన్ను చెప్పులు విప్పి కళ్ళు మూసుకోమన్నారు. "మడమతో కాదు, వేళ్ళ కింద కండ ఉంటుంది చూడు, దాన్ని ముందుకు జార్చు. తొక్కకు, అడుగు." మూడుసార్లు కుర్చీని గుద్దాను. నాలుగోసారికి, ఏదో గుసగుస విన్నట్టు, కాలికింద నునుపు తెలిసింది. "తెలిసింది!" అని అరిచాను. టీచరమ్మ "ఏం తెలిసింది బాబూ, చూస్తే కనబడే దానికి ఇంత తిప్పలా?" అన్నారు.

కానీ ఆయన నడవలేదు. నా చెయ్యి పట్టుకుని అంచుదాకా వచ్చి, కాలు జార్చి, "నునుపే" అని, ఆగిపోయారు. "అటువైపు నా గదేనా?" అని నన్నడిగారు. అవునన్నాను. "నిన్నడగాల్సి వచ్చింది చూశావా. ఇంక కాలెందుకు?" అని వెనక్కి వెళ్ళిపోయారు. ఒకసారి తప్పు చూపిన కాటాని ఎంత సరిచేసి ఇచ్చినా, కొట్టువాడు కొన్నాళ్ళు పక్కకొట్లో తూయించి చూసుకుంటాడు. నాకు తెలుసు. కానీ ఎన్నాళ్ళన్నది ఏ కాటా చెప్పదు.

ఇప్పుడు నువ్వు రావాలా వద్దా. రావద్దు అని రాయాలని నా చెయ్యి లాగుతోంది. ఆయన కూడా అదే రాయమన్నారు. కానీ నీకు చెప్పకుండా నీ తరఫున తేల్చడం వల్లనే ఇంతదాకా వచ్చింది. ఉన్నదంతా ఇక్కడ పెట్టాను. చెయ్యి నయమవుతోంది. నడక ఇంకా రాలేదు. నేను షాపు పొద్దున్నే రెండు గంటలు తెరిచి మిగతా రోజంతా ఇంట్లోనే ఉంటున్నాను. వస్తే నీ రెండు నెలలు పోతాయి. ఇది తేల్చేది నువ్వు. ఎటు తేల్చినా నేను సణగను.

ఈ ముక్క రాస్తుండగా ఒక సంగతి జరిగింది. జరిగినట్టే రాస్తాను.

మంచం కిర్రుమంది. నేను లేవబోయి, ఎందుకో లేవలేదు. నడవలో జంబుఖానా మీద అడుగులు వినిపించాయి. తర్వాత వినిపించలేదు, అంటే తివాచీ ఎక్కారన్నమాట. నా బల్ల మెట్ల వైపు ఉంది. ఆయన వచ్చేది ఎదురునూగు మీద. నేను కలం పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. గది మధ్యలో ఒకసారి ఆగారు. కాలు ముందుకు జార్చారు, వెనక్కి లాగారు, మళ్ళీ జార్చారు. నన్నేమీ అడగలేదు. వచ్చి నా కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు.

"రాశావా?"

"రాశాను మామయ్యా."

"పడ్డానని?"

"రాశాను."

"లేచానని?"

అది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. శుక్రవారం, పదకొండు గంటల పది నిమిషాలకి, మీ నాన్నగారు లేచారు.

ఇట్లు,
మీ నాన్నగారి అల్లుడు